పశువ్యాధుల శాస్త్రవేత్త పరిశోధన, సైటేషన్లు: సరిగ్గా లెక్కగట్టడం ఎలా?

తిరుపతిలో ఒక పశువైద్య శాస్త్రవేత్త ఎన్ని పేపర్లు రాశారు, వాటికి ఎన్ని సైటేషన్లు (ఇతరుల పేపర్లలో ప్రస్తావనలు) వచ్చాయి అని అడిగితే చాలామంది గూగుల్ స్కాలర్ తెరిచి, పక్కన కనిపించే అంకె చదివేస్తారు. పదోన్నతి ఫైలులోకీ, న్యాక్ (విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే సంస్థ) నివేదికలోకీ, ప్రాజెక్టు దరఖాస్తులోకీ అదే ఎక్కుతుంది. అందులో వేరొకరి పేపర్లు కలిసిపోయి ఉండొచ్చు, సొంత పేపర్లు సగం జారిపోయి ఉండొచ్చు. పేపర్లనూ సైటేషన్లనూ కలిపి ఒక్క అంకెలో చెప్పే హెచ్-ఇండెక్స్ కట్టడానికి అయిదు నిమిషాలు చాలు. పేపర్ల జాబితాను తప్పుల్లేకుండా తయారుచేయడానికే రోజులు పడుతుంది. అందుకే ఇక్కడ సగానికి పైగా జాబితా గురించే ఉంటుంది.

మొదలుపెట్టే ముందు

మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఎవరి లెక్క, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏ డేటాబేస్ నుంచి. నాలుగోది తేదీ. సైటేషన్లు రోజూ పెరుగుతుంటాయి కాబట్టి ఒక డేటాబేస్ అంకెలన్నీ ఒకే రోజు దించుకోవాలి. సోమవారం పది పేపర్లు, శుక్రవారం మరో పది చూస్తే ఆ కూడికను తర్వాత ఎవరూ సరిచూడలేరు.

గత రెండేళ్లలో వచ్చిన పేపర్లను జాబితాలో ఉంచండి, వాటి సైటేషన్లను బట్టి మాత్రం తీర్పు చెప్పకండి. పశువ్యాధుల రంగంలో సైటేషన్లు నిదానంగా వస్తాయి. నమూనాల సేకరణ, ల్యాబ్ పరీక్షలు, రాత, జర్నల్ సమీక్ష అన్నీ దాటుకుని మిమ్మల్ని ఉదహరించే పేపర్ అచ్చవ్వడానికే రెండు మూడేళ్లు పడుతుంది.

ఇంటిపేరుతో వచ్చే తంటా

డేటాబేసులు తయారుచేసినవాళ్లకు ఇంటిపేరు చివర వస్తుంది. మనకు ముందు వస్తుంది, అదీ ఎక్కువసార్లు ఒక్క పొడి అక్షరంగా. గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

కె. వెంకటేశ్వర రెడ్డి అనే పేరు ఊహించుకోండి. ఒక జర్నల్ దాన్ని ‘రెడ్డి కె.వి.’ అని వేస్తుంది. ఇంకోటి ‘వెంకటేశ్వర రెడ్డి కె.’ అంటుంది. సబ్మిషన్ ఫారంలో లాస్ట్ నేమ్ గడి తప్పనిసరి కాబట్టి, హడావుడిలో ఉన్న విద్యార్థి అక్కడ ఉత్త ‘కె’ కొడతాడు. అప్పటి నుంచి ఆయన ఇంటిపేరు ప్రపంచమంతటా ‘కె’. విదేశీ సహ రచయిత ఒకరు పాస్‌పోర్టు చూసి ఇంటిపేరు పూర్తిగా రాస్తే ‘రెడ్డి’ కాస్తా మధ్య అక్షరంగా మారిపోతుంది. ఇక స్పెల్లింగ్: వెంకటేశ్వరలో ‘శ’కు ఇంగ్లిష్‌లో ‘హెచ్’ ఉంటుందో లేదో, ‘వ’కు ‘వి’ రాస్తారో ‘డబ్ల్యూ’ రాస్తారో పేపర్ పేపర్‌కూ మారుతుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న పరిశోధకురాలి పేపర్లు రెండు ప్రొఫైళ్లుగా చీలడం కూడా మామూలే.

చేయాల్సిన పని ఇది. ఎమ్వీఎస్సీ థీసిస్, పీహెచ్‌డీ థీసిస్, సర్వీసు రికార్డు, పాత రీప్రింట్లు ముందేసుకుని పేరు ఎన్ని రకాలుగా అచ్చయిందో అన్నీ రాయండి. సామాన్యంగా అయిదారు రూపాలు తేలతాయి. ఒక్కో రూపాన్నీ స్కోపస్ (పేపర్లనూ సైటేషన్లనూ నమోదు చేసే డేటాబేస్) ఆథర్ సెర్చ్‌లో వేసి చూడండి. రచయిత ప్రొఫైల్ వెతకడానికి చందా అక్కర్లేదు. ఒకే మనిషికి మూడు ప్రొఫైళ్లు కనిపిస్తే కలపమని ఆథర్ ఫీడ్‌బ్యాక్ ద్వారా అడగవచ్చు. సరిదిద్దడానికి వ్యవధి పడుతుంది కాబట్టి దరఖాస్తు గడువుకు ముందురోజు ఈ పని పెట్టుకోవద్దు.

ఇందుకు విరుద్ధమైన తప్పు మరీ ప్రమాదం. అదే పేరున్న పిల్లల వైద్యుడో, మొక్కల శాస్త్రవేత్తో మీ ప్రొఫైల్‌లో చేరిపోవడం. రెడ్డి, రావు, నాయుడు, కుమార్ అని ముగిసే పేర్లకు ఇది తప్పదు. పేపర్ శీర్షిక ఒక్కటే చూసి నిర్ణయించకండి. సహ రచయితలు, చిరునామా, ఆ ఏడాది ఆ మనిషి ఏ ఊళ్లో పనిచేశారు, ఈ మూడింటిలో రెండు కలిస్తేనే పేపర్‌ను ఉంచండి.

గూగుల్ స్కాలర్‌లో ఈ తప్పు మనమే చేస్తాం. ప్రొఫైల్ తెరిచేటప్పుడు పేరును బట్టి పేపర్ల గుంపులు చూపించి ‘ఇవి మీవేనా’ అని అడుగుతుంది. అన్నీ టిక్ కొట్టేస్తాం. ఆ తర్వాత కొత్త పేపర్లు వాటంతటవే చేరే అమరిక ఉంటే ఎవరెవరివో వచ్చి పడుతుంటాయి. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, చేర్చే ముందు ఈమెయిల్ పంపి అడిగేలా మార్చుకోండి.

శాశ్వత పరిష్కారం ఆర్కిడ్. 2012లో మొదలైన ఈ పదహారు అంకెల గుర్తింపు ఉచితం. చివరి స్థానంలో అంకెకు బదులు ‘ఎక్స్’ అక్షరం వస్తే అది అచ్చుతప్పనుకుని తీసేయకండి, సరిచూసుకునే గుర్తు అది. పాత పేపర్లను ఆర్కిడ్‌లో చేర్చడానికి డీఓఐ (ఒక్కో పేపర్‌కు ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) కొడితే చాలు.

చిరునామా: ఒకే ఊరు, ఎన్నో పేర్లు

పేరుతో తేలనప్పుడు సంస్థతో వెతుకుతాం. తిరుపతిలో అక్కడా చిక్కే. శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో వచ్చింది, పశువైద్య కళాశాల 1955లో. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2005లో ఏర్పడింది. తిరుపతిలోని వైద్య సంస్థ స్విమ్స్ పూర్తి పేరు కూడా శ్రీ వెంకటేశ్వరతోనే మొదలవుతుంది. ఢిల్లీలోనూ ఒక శ్రీ వెంకటేశ్వర కళాశాల ఉంది. చిరునామాను తొందరగా కొట్టినప్పుడు ‘ఎస్.వి. యూనివర్సిటీ, తిరుపతి’ అని మిగిలితే డేటాబేస్ దాన్ని జంతుశాస్త్ర విభాగం ఉన్న పాత విశ్వవిద్యాలయానికి జమ కట్టేస్తుంది.

కాలాన్ని బట్టి కూడా పేరు మారింది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పేరుతో పాత పేపర్లు ఉంటాయి. అదే విశ్వవిద్యాలయం 1996 నుంచి ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో నడిచింది. 2005 తర్వాతివి పశువైద్య విశ్వవిద్యాలయం పేరుతో ఉంటాయి. 1990లో ఉద్యోగంలో చేరిన ఆచార్యుడి పేపర్లు ఒకే గది, ఒకే బల్ల మీద రాసినా మూడు సంస్థల ఖాతాల్లో పడి ఉంటాయి. కొత్త పేరుతో మాత్రమే వెతికితే ఆయన తొలి పదిహేనేళ్లు మాయమవుతాయి.

సంస్థ మొత్తం లెక్క తీసేవాళ్లకు మరో మెలిక. 2005 నుంచి రాష్ట్ర విభజన దాకా హైదరాబాద్ రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల కూడా తిరుపతి విశ్వవిద్యాలయం కిందే ఉండేది. గన్నవరం, ప్రొద్దుటూరు కళాశాలల పేపర్లూ విశ్వవిద్యాలయం పేరుతోనే వస్తాయి. ‘తిరుపతి పరిశోధన’ అని నివేదిక రాస్తూ వీటిని కలిపేస్తే అంకె ఉబ్బుతుంది. ఊరి పేరును విడి షరతుగా పెట్టండి, ‘తిరుపతి’ చివర ‘హెచ్’ ఉన్న స్పెల్లింగ్‌నూ, లేనిదాన్నీ రెంటినీ ఇవ్వండి. పుంగనూరు జాతి ఆవులను సంరక్షిస్తున్న పలమనేరు పశు పరిశోధన కేంద్రం పేపర్లలో కొన్నిసార్లు విశ్వవిద్యాలయం పేరు ఉండకపోవచ్చు, ‘పలమనేరు, చిత్తూరు’ అన్నంతవరకే ఉంటుంది. దాన్ని విడిగా వెతకాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి పాత పేపర్లలో తిరుపతి పక్కన చిత్తూరు జిల్లా అనీ, కొత్తవాటిలో తిరుపతి జిల్లా అనీ కనిపిస్తుంది. రెండూ ఒకే ప్రాంగణం.

పబ్‌మెడ్‌లో (వైద్య, జీవశాస్త్ర పేపర్ల ఉచిత డేటాబేస్) చిరునామాతో వెతికేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 2013 దాకా అందులో మొదటి రచయిత చిరునామా మాత్రమే నమోదయ్యేది. అందరి చిరునామాలూ చేరుతున్నది 2014 నుంచి. మొదటి రచయిత బరేలీలోనో బెంగళూరులోనో ఉండి, మన శాస్త్రవేత్త మూడో రచయితగా ఉన్న పాత పేపర్ ‘తిరుపతి’ అని వెతికితే దొరకదు.

ఎక్కడ వెతకాలి

ఒక్క డేటాబేస్‌తో పని జరగదు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ జర్నళ్లను ఎంచి చేర్చుకుంటాయి కాబట్టి అంకెలు తక్కువగా, నమ్మకంగా ఉంటాయి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, సదస్సు సంచికలు, ప్రీప్రింట్లు అన్నీ పోగేస్తుంది. అందుకే ఒకే పేపర్‌కు స్కాలర్‌లో సాధారణంగా ఎక్కువ కనిపిస్తుంది. ఏది నిజమని వాదించుకోవడం దండగ, దేని పక్కన దాని పేరు రాస్తే సరి. స్కోపస్ సైటేషన్లను స్కాలర్ హెచ్-ఇండెక్స్‌తో కలిపి ఒకే వాక్యంలో రాసిన దరఖాస్తులు కనిపిస్తుంటాయి. వాటిని చూడగానే పరిశీలకుడికి అనుమానం వస్తుంది.

చందా లేనివాళ్లకు ఓపెన్ అలెక్స్ మంచి దారి. మైక్రోసాఫ్ట్ అకడమిక్ 2021 చివర మూతపడ్డాక 2022లో వచ్చిన ఈ డేటాబేస్ ఉచితంగా దొరుకుతుంది. పేర్లు కలిపేయడంలో మాత్రం ఇదీ పొరపాట్లు చేస్తుంది. స్కాలర్ అంకెలను వరుసగా దించుకోవాలంటే ‘పబ్లిష్ ఆర్ పెరిష్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఒక వెతుకుడుకు స్కాలర్ వెయ్యి ఫలితాలకు మించి ఇవ్వదు కాబట్టి సంవత్సరాలవారీగా ముక్కలు చేసి అడగాలి.

పశువైద్యానికి వ్యవసాయ, పశువైద్య పేపర్ల సారాంశాలుండే క్యాబ్ అబ్‌స్ట్రాక్ట్స్‌ను మరచిపోవద్దు. స్కోపస్‌కు ఎక్కని చిన్న దేశీయ జర్నళ్ల పేపర్లు ఇందులో దొరుకుతాయి. సైటేషన్ లెక్కలకు అంతగా పనికిరాదు కానీ జాబితాలో ఖాళీలు పూరించడానికి ఇంతకంటే మంచిది లేదు. థీసిస్‌ల కోసం కృషికోశ్, శోధ్‌గంగ రెండూ చూడండి. పూర్తి పేపర్లు చదవడానికి ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఉన్నవాళ్లకు 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ ఉంది. ఏ ప్రచురణకర్తల జర్నళ్లు తెరుచుకుంటాయో లైబ్రరీలో అడిగితే చెబుతారు.

వ్యాధి పేరుతో వెతికేటప్పుడు

ఒక మనిషి మొత్తం పేపర్లకు ఇది అక్కర్లేదు. ‘గాలికుంటు మీద రాయలసీమ పరిశోధన’ లాంటి విషయం ఎత్తుకున్నా, ఒకరి పనిని అదే వ్యాధి మీద పనిచేసిన మిగతావారితో పోల్చాలన్నా తప్పదు. ఇక్కడ పొట్టి పేర్లే శత్రువులు.

గాలికుంటుకు ఎఫ్‌ఎండీ అని కొడితే గుండె జబ్బుల పేపర్లు వేలల్లో వస్తాయి. రక్తనాళాల సాగుదలను కొలిచే పరీక్ష పొట్టి పేరూ అదే. పూర్తి పేరు కొట్టినా చిన్నపిల్లలకొచ్చే ‘హ్యాండ్, ఫుట్ అండ్ మౌత్’ పేపర్లు చొరబడతాయి. పూర్తి పేరును కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ‘హ్యాండ్ ఫుట్’ ఉన్నవాటిని మినహాయించి, ‘క్యాటిల్’ లేదా ‘బఫెలో’ లేదా ‘ఆఫ్తోవైరస్’ అని మరో షరతు కలపండి. స్కోపస్‌లో కొటేషన్ గుర్తుల్లో పెడితే పదాల మధ్య గీతలున్నా లేకపోయినా దొరుకుతుంది. మీసాల బ్రాకెట్లలో పెడితే అచ్చం అలాగే ఉన్నది మాత్రమే వస్తుంది.

గొర్రెలు, మేకల పారుడు వ్యాధికి పీపీఆర్ అంటే మొక్కల ప్రోటీన్ల కుటుంబం ఒకటి ఎదురొస్తుంది. పైగా ఆ వైరస్ అధికారిక పేరు మారడంతో ‘స్మాల్ రూమినెంట్ మార్బిల్లివైరస్’ అని రాసిన పేపర్లూ ఉన్నాయి. లంపీ స్కిన్‌ను ఎల్‌ఎస్‌డీ అంటే మత్తుమందు వస్తుంది, గణాంకాల పరీక్ష వస్తుంది. కోళ్ల గంబోరో వ్యాధిని ఐబీడీ అంటే మనుషుల పేగుల జబ్బు వరదలా వచ్చి పడుతుంది. కొక్కెర తెగులును మన పాత పేపర్లు రాణిఖేత్ అన్నాయి, బయటివాళ్లు న్యూకాజిల్ అంటారు, రెండూ ఇవ్వాలి. జబ్బవాపు మనకు బ్లాక్ క్వార్టర్, ఇతర దేశాల్లో బ్లాక్ లెగ్. ఆ రెండో పేరుతో బంగాళదుంప తెగులు కూడా ఉంది కాబట్టి క్లాస్ట్రీడియం షోవియై అని క్రిమి పేరు కలపక తప్పదు. గొంతువాపుకు ‘హెమరేజిక్’ మాటను బ్రిటిష్, అమెరికన్ స్పెల్లింగులు రెంటిలో ఇవ్వండి. మన జర్నళ్లు రెండూ వాడతాయి. అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థ కూడా 2022లో ఓఐఈ నుంచి డబ్ల్యూఓఏహెచ్‌గా మారింది.

వెతుకుడు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఫలితాల్లోంచి వంద పేపర్లను అక్కడక్కడా తీసి శీర్షికలు చదవండి. అయిదుకు మించి సంబంధం లేనివి ఉంటే షరతులు సరిచేయాలి. మరో పరీక్ష కూడా ఉంది: ఆ వ్యాధి మీద తప్పక ఉండాల్సినవని మీకు ముందే తెలిసిన పది పేపర్లు ఫలితాల్లో ఉన్నాయా? రెండు లేకపోతే ఏదో పేరు వదిలేశారు.

షీటు తయారీ

ఒక్కో పేపర్‌కు ఒక్కో వరుస. కాలమ్స్: డీఓఐ, శీర్షిక, జర్నల్, సంవత్సరం, పేజీలు, రచయితల సంఖ్య, మన శాస్త్రవేత్త ఎన్నో స్థానం, కరెస్పాండింగ్ రచయితా (పేపర్ గురించి ఉత్తరప్రత్యుత్తరాలు జరిపేవారు) కాదా, పేపర్ రకం, వ్యాధి, పశువు, అచ్చయిన చిరునామా, స్కోపస్ సైటేషన్లు, అందులో సొంతవి, స్కాలర్ సైటేషన్లు, చూసిన తేదీ, రిమార్కు.

పేజీల కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే ‘5-12’ అని ఉన్న పేజీలను ఎక్సెల్ డిసెంబరు 5గానో మే 12గానో మార్చేస్తుంది, వెనక్కి రాదు. దించుకున్న ఫైలును నేరుగా రెండు నొక్కులు నొక్కి తెరవకుండా డేటా మెనూలోంచి యూటీఎఫ్-8 ఎంచుకుని తెస్తే విదేశీ పేర్లు చెడవు.

డూప్లికేట్లు తీసేటప్పుడు డీఓఐ ఉన్నవాటికి దానితోనే పని అయిపోతుంది. మన దేశీయ జర్నళ్ల పాత సంచికలకు చాలాసార్లు డీఓఐ ఉండదు. వాటికి సంవత్సరం, వాల్యూం, మొదటి పేజీ మూడూ కలిపి ఒక గుర్తు తయారుచేసుకోండి. శీర్షికను నమ్ముకుంటే ఒక్క కామా తేడాతో ఒకే పేపర్ రెండుసార్లు ఉండిపోతుంది. ఆన్‌లైన్‌లో 2021లో, సంచికలో 2022లో వచ్చిన పేపర్‌కు ఏ ఏడాది వేయాలన్నది ముందే తేల్చుకుని అన్నింటికీ అదే పాటించండి. సంచిక సంవత్సరం తీసుకోవడమే మేలు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లెక్కలతో పొంతన కుదురుతుంది.

పేపర్ రకం దగ్గర నిజాయితీ అవసరం. పరిశోధన పత్రం, సమీక్ష, కేస్ రిపోర్టు, షార్ట్ కమ్యూనికేషన్, సదస్సు సారాంశం వేటికవే. సమీక్షా వ్యాసాలకు సహజంగా సైటేషన్లు ఎక్కువ, కేస్ రిపోర్టులకు తక్కువ. రైతులకు తెలుగులో రాసిన కరపత్రాలు, పత్రికల వ్యాసాలు ఇక్కడ కలపకూడదు. వాటికి వేరే షీటు పెట్టండి, విస్తరణ సేవ కింద విలువైనవే.

స్థానం విషయంలో పశువైద్య కళాశాలల ఆనవాయితీ తెలుసుకోవాలి. థీసిస్ పేపర్లలో విద్యార్థి మొదట, గైడు రెండోవారుగానో కరెస్పాండింగ్ రచయితగానో ఉంటారు. మొదటి స్థానాలు మాత్రమే లెక్కిస్తే ఇరవైమంది విద్యార్థులను తీర్చిన ఆచార్యుడు ఏమీ రాయనట్టు తేలుతుంది. మొదటి, చివరి, కరెస్పాండింగ్ మూడూ విడివిడిగా చూపించండి.

ఇప్పుడు లెక్క

ఉదాహరణకు పద్నాలుగు పేపర్లు, సైటేషన్లు పెద్ద నుంచి చిన్నకు ఇలా ఉన్నాయనుకుందాం: 64, 41, 27, 19, 14, 11, 9, 9, 8, 6, 4, 3, 1, 0. మొత్తం 216.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. వరుస నంబరు పక్కన సైటేషన్లు పెట్టి దిగుతూ రండి. సైటేషన్లు వరుస నంబరుకు తగ్గని చివరి స్థానమే హెచ్. ఎనిమిదో పేపర్‌కు 9 ఉన్నాయి, సరే. తొమ్మిదోదానికి 8 మాత్రమే, ఆగిపోయాం. హెచ్ 8. పది అంతకు మించి సైటేషన్లున్నవి ఆరు కాబట్టి ఐ10 విలువ 6. జీ-ఇండెక్స్‌కు పైనుంచి కూడుతూ వెళ్లి, ఆ కూడిక వరుస నంబరు వర్గానికి తగ్గని చివరి స్థానం చూడాలి. పద్నాలుగు వర్గం 196, కూడిక 216, కాబట్టి జీ 14.

సగటు 15.4 అని రాసుకుని సంతోషించే ముందు మధ్యగతం (వరుసలో సరిగ్గా మధ్యనున్న విలువ) చూడండి, అది 9. మొదటి రెండు పేపర్లే 105 తెచ్చాయి, అంటే దాదాపు సగం. ఈ మనిషి పనిని సగటు కంటే మధ్యగతమే నిజంగా చెబుతుంది. మొదటి రెండూ సమీక్షా వ్యాసాలైతే ఆ మాటా రాయాలి.

సొంత సైటేషన్లు తీసేశాక అదే వరుస 58, 36, 25, 15, 12, 8, 8, 6, 6, 5, 3, 1, 1, 0 అయిందనుకోండి. మొత్తం 184, హెచ్ 7. దాదాపు 15 శాతం సొంతవి. స్కోపస్‌లో ఇందుకు ఒక టిక్ ఉంది. ఆ రచయితవి మాత్రమే తీయాలా, సహ రచయితలందరివీ తీయాలా అన్నది చూసుకుని ఏది చేశారో రాయండి. నీలి నాలుక వైరస్ సెరోటైపుల మీద ఇరవై ఏళ్లు వరుసగా పనిచేసినవారు తమ పాత పేపర్లను ఉదహరించక తప్పదు, దాన్ని తప్పుగా చూడకూడదు. మూడో వంతు దాటితే మాత్రం పేపర్లు తెరిచి కారణం వెతకాలి.

సేవా కాలంలో తేడా ఉన్న ఇద్దరిని పోల్చాలంటే హెచ్‌ను మొదటి పేపర్ నుంచి గడిచిన ఏళ్లతో భాగించండి. పదిహేనేళ్లకు హెచ్ 8 అయితే 0.53. చిన్న వయసువారికి జరిగే అన్యాయం కొంత తగ్గుతుంది.

దేనితో పోల్చాలి

కేన్సర్ పరిశోధకుడి అంకెలతో పశువ్యాధుల శాస్త్రవేత్తను పోల్చడం ఎవరికీ పనికిరాని పని. రాసేవాళ్లు తక్కువైన రంగంలో ఉదహరించేవాళ్లూ తక్కువే. పుంగనూరు ఆవుల్లో థైలేరియాసిస్ మీద ఎంత చక్కని పేపర్ రాసినా దాన్ని వాడుకోగలిగేవారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. దీనికి విరుగుడు రంగాన్ని బట్టి సవరించిన సూచికలు. స్కోపస్ ఇచ్చే ఎఫ్‌డబ్ల్యూసీఐ విలువ 1 అంటే అదే రంగం, అదే ఏడాది, అదే రకం పేపర్లకు ప్రపంచ సగటు ఎంతో అంత. 1.4 అంటే సగటు కంటే 40 శాతం ఎక్కువ. పది పేపర్లున్న మనిషికి ఒక్క పేపర్ దీన్ని తలకిందులు చేయగలదు కాబట్టి చిన్న జాబితాలకు వాడితే పేపర్‌వారీగా చూపండి.

కాలం కూడా అంకెను మోసుకెళ్తుంది. లంపీ స్కిన్ మన దేశంలో 2019లో ఒడిశాలో తొలిసారి నమోదై, 2022లో పశువులను పెద్దఎత్తున పొట్టనబెట్టుకుంది. ఆ మధ్య వచ్చిన తొలి పేపర్లకు సైటేషన్లు కుప్పలుగా పడతాయి. 2020లో జంతువుల కరోనా వైరస్‌ల మీద సమీక్ష రాసినవాళ్ల సంగతీ అంతే. అలాంటి వ్యాధిలో పనిచేసినవారిని అదే వ్యాధి, అదే సంవత్సరాల పేపర్లతోనే పోల్చాలి.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మనిషికి అంటగట్టకండి. 2024 విలువ అంటే 2022, 2023ల్లో ఆ జర్నల్‌లో వచ్చినవాటికి 2024లో పడ్డ సైటేషన్లను, ఆ రెండేళ్ల పరిశోధన, సమీక్షా వ్యాసాల సంఖ్యతో భాగించిన ఫలితం. అందులో మీ పేపర్ వాటా సున్నా కూడా కావచ్చు. పేపర్లన్నింటి ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు కూడి ‘మొత్తం 46.3’ అని రాయడం మన దరఖాస్తుల్లో ఇంకా పోలేదు. ఆ అంకెకు అర్థమే లేదు. వ్యవసాయ, పశువైద్య నియామకాల్లో నాస్ (జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ) జర్నళ్లకు ఇచ్చే రేటింగ్ అడుగుతారు కాబట్టి అది వేరు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ లేని జర్నళ్లకు అది 6కు మించదు. జాబితా ఏటా మారుతుంది, పేపర్ అచ్చయిన ఏడాది విలువ అడుగుతున్నారో ప్రస్తుత విలువ అడుగుతున్నారో నోటిఫికేషన్‌లో చదివి వేయండి.

‘గ్లోబల్’, ‘యూనివర్సల్’ లాంటి ముందుమాటలతో ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు అమ్మే కంపెనీలున్నాయి. అసలైనది వెబ్ ఆఫ్ సైన్స్ నడిపే క్లారివేట్ ఇచ్చే వార్షిక నివేదికలో ఉంటుంది, మరెక్కడా ఉండదు. యూజీసీ గుర్తించిన జర్నళ్ల ‘కేర్’ జాబితా 2025లో నిలిచిపోయింది కాబట్టి ఇప్పుడు జర్నల్ మంచిచెడ్డలు తేల్చుకునే బరువు సంస్థల మీద, మన మీద పడింది. వెనక్కి తీసుకున్న పేపర్లేమైనా జాబితాలో ఉన్నాయేమో రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో చూడండి. 2023లో డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ దాన్ని తీసుకున్నాక అందరికీ ఉచితం.

పత్రికల్లో ఏటా వచ్చే ‘స్టాన్‌ఫర్డ్ రెండు శాతం’ (ప్రపంచ శాస్త్రవేత్తల్లో మొదటి రెండు శాతంలో చోటు) వార్తలదీ ఒక ముచ్చట. అది ఎవరో పిలిచి ఇచ్చిన అవార్డు కాదు. స్కోపస్ అంకెలతో ఆరు సూచికలు కలిపి కంప్యూటర్ కట్టిన వరుస. మొత్తం సేవాకాలానికి ఒకటి, ఒక్క ఏడాదికి ఒకటి, రెండు జాబితాలుంటాయి. ఏ జాబితా, ఏ ఏడాది అన్నది రాయకుండా ఆ మాట వాడకూడదు. స్కోపస్ ప్రొఫైల్ చీలిపోయి ఉన్న శాస్త్రవేత్త అందులోకి రాకుండా పోవచ్చు కూడా.

సైటేషన్లకు అందనిది

ముసర వ్యాధి (రిండర్‌పెస్ట్) భూమ్మీద నుంచి పోయిందని 2011లో ప్రకటించారు. దాని వెనక టీకాలు వేసిన, నిఘా పెట్టిన, నమూనాలు మోసిన పనికి సైటేషన్లు ఎన్ని? 2022 ఆగస్టులో విడుదలైన లంపీ-ప్రోవ్యాక్-ఇండ్ టీకా విలువను సైటేషన్లతో తూచలేం. పశువ్యాధుల రంగంలో ఇలాంటిది ఎక్కువ కాబట్టి దీనికీ ఆధారాలతో కూడిన పేజీ ఒకటి ఉండాలి. జెన్‌బ్యాంక్‌లో (జన్యుక్రమాల డేటాబేస్) చేర్చిన సీక్వెన్సుల నంబర్లు, రోగనిర్ధారణ కిట్లు, పేటెంట్లు, డబ్ల్యూఓఏహెచ్ మాన్యువల్‌లోనో ప్రభుత్వ మార్గదర్శకాల్లోనో మీ పేపర్ ప్రస్తావన. పేటెంట్లలో మీ పేపర్‌ను ఉదహరించారేమో లెన్స్ అనే ఉచిత సైటులో తెలుస్తుంది. ‘రైతులకు ఎంతో మేలు జరిగింది’ అన్న వాక్యం మాత్రం వద్దు. ఏ మండలం, ఎన్ని పశువులు, ఏ ఏడాది, పశుసంవర్ధక శాఖ ఏ ఉత్తర్వు అన్నవి ఉంటే రాయండి, లేకపోతే ఆ వరుస ఖాళీగా వదిలేయండి.

ఇకపై రాసే పేపర్లకు

శీర్షికలో వ్యాధి పూర్తి పేరు, క్రిమి శాస్త్రీయ నామం, పశువు, ప్రాంతం ఉండాలి. పొట్టి పేరు ఒక్కటే పెడితే పైన చెప్పిన గందరగోళంలో మీ పేపరూ మునుగుతుంది. విశ్వవిద్యాలయం పేరు ప్రతిసారీ ఒకే స్పెల్లింగ్‌తో, కుదించకుండా రాయండి, విద్యార్థులకు ఆ వరుసను కాపీ చేసుకోమని ఇవ్వండి. లాస్ట్ నేమ్ గడిలో ఏం రాయాలో ఒకసారి నిర్ణయించుకుని మార్చకండి. జర్నల్ నిబంధనలు ఒప్పుకుంటే ఆమోదం పొందిన ప్రతిని సంస్థ భాండాగారంలో పెట్టండి.

ఫైలులో ఎలా రాయాలి

ఒక పేరా చాలు: ‘స్కోపస్ ప్రకారం, ఫలానా తేదీన, 2008 నుంచి 2023 వరకు 14 పత్రాలు (11 పరిశోధన, 2 సమీక్ష, 1 కేస్ రిపోర్టు), మొదటి లేదా కరెస్పాండింగ్ రచయితగా 8. సైటేషన్లు 216, సొంతవి తీసేస్తే 184. హెచ్-ఇండెక్స్ 8, సొంతవి లేకుండా 7. మధ్యగతం 9.’ గూగుల్ స్కాలర్ అంకె ఇవ్వాలనుకుంటే కింద వేరే వరుసలో, దాని తేదీతో. ఆరోజు దించుకున్న ఫైలునూ, పేరు రూపాలు రాసుకున్న కాగితాన్నీ, తీసేసిన పేపర్ల జాబితానూ కారణాలతో సహా ఫైలుకు జతచేయండి. ఇంటర్వ్యూలో ఎవరైనా ‘ఈ 2011 పేపర్ మీదేనా, చిరునామా వేరే ఉందే’ అంటే వెంటనే తీసి చూపించడానికి అవే ఆధారం.